మేడం గారు సగమే చెప్పిన కథ

మేడం గారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను కాలేజీ హాల్లో నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నాను. పైన మా అటెండరు దేశదేశాల జెండాలు కడుతున్నాడు. ప్రపంచ సంస్కృతుల పండగకి ఇంకా వారం కూడా లేదు. ఫోన్ చేసింది మేడం గారి తమ్ముడి కోడలు. "పొద్దున కాఫీ తాగి మళ్ళీ పడుకున్నారండీ. ఇక లేవలేదు" అంది. నిచ్చెన వదిలితే పైనున్న మనిషి పడతాడు కాబట్టి వదల్లేదు. ఆయన చివరి జెండా కట్టి కిందికి దిగాక చెప్పాను. ఆయన తలపాగా తీసి నేలమీద కూర్చుండిపోయాడు.

మా కాలేజీ గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఉంటుంది. చుట్టూ పత్తి, మిరప చేలు. డిగ్రీతో పాటు పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మీద, మిర్చి నిల్వ మీద డిప్లొమాలు పెట్టారు. ఆ డిప్లొమాల కోసం టాంజానియా నుంచి, సూడాన్ నుంచి, నేపాల్ నుంచి పిల్లలు వస్తుంటారు. మేడం గారు హిస్టరీ చెప్పేవారు. బయటి దేశాల పిల్లల మంచిచెడ్డలు చూడటం కూడా ఆవిడ పనే. నేను చాలా తర్వాత కామర్స్ లెక్చరర్‌గా చేరాను. రిటైరయ్యేటప్పుడు ఆవిడ ఆ పని నా నెత్తిన పెట్టారు. పెట్టి ఊరుకోలేదు, ప్రతి పండక్కీ గుంటూరు నుంచి బస్సులో వచ్చి నేను ఏం పాడుచేస్తున్నానో చూసి మరీ వెళ్ళేవారు.

ఆవిడకి పేర్ల పిచ్చి. కొత్తగా ఎవరైనా బయటి దేశం నుంచి వస్తే, ముందు వాళ్ళ పేరు వాళ్ళ నోటితోనే నాలుగైదుసార్లు చెప్పించుకునేవారు. తర్వాత స్టాఫ్ రూముకొచ్చి మా అందరి చేతా పలికించేవారు. ఫిజిక్స్ మాస్టారు ఒకాయన, "పలికినంత పలుకుతాం మేడం, వాళ్ళు మాత్రం మన పేర్లు సరిగ్గా అంటున్నారా?" అన్నాడు. "పిలిచింది మనం కదయ్యా. పేరు పలకడం చేతకానప్పుడు మనిషిని ఇంటికి పిలవకూడదు" అన్నారావిడ. ఆ మాస్టారు ఆ రోజంతా గొణుక్కుంటూనే ఉన్నాడు గానీ, సూడాన్ కుర్రాడి పేరు మాత్రం మా అందరికంటే బాగా పలికేవాడు.

ఇంకొక సంగతి. కొత్తగా వచ్చినవాళ్ళకి ఎర్ర మిరప్పండు పచ్చడి పెట్టి, వాళ్ళ మొహం ఎలా మారుతుందో చూసి నవ్వుకోవడం మావైపు ఒక సరదా. ఈ మధ్య ఫోన్లలో వీడియోలు కూడా తీస్తున్నారు. మేడం గారు దాన్ని సహించేవారు కారు. ఒకసారి భోజనాల దగ్గర ఒకడి చేతిలో ఫోన్ లాక్కుని చీరకొంగులో కట్టేసుకున్నారు. "మన ఇంట్లో అన్నం తింటున్న మనిషి కళ్ళల్లో నీళ్ళొస్తే మంచినీళ్ళిస్తారా, ఫొటో తీస్తారా?" అన్నారు. వాడు ఫోన్ కోసం సాయంత్రం దాకా ఆవిడ వెనకాలే తిరిగాడు.

పండగలో వేషాలు ఉండకూడదన్నది ఆవిడ పెట్టిన నియమం. మావైపు ఏ బడిలో, ఏ కాలేజీలో ఏ పండగ జరిగినా విచిత్ర వేషధారణ పోటీ తప్పనిసరి. మా కాలేజీలో మాత్రం లేదు. ఎవరి మామూలు బట్టల్లో వాళ్ళు స్టేజీ ఎక్కి, వాళ్ళ ఇంట్లో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో చెప్పాలి. పొద్దున ఎవరు ముందు లేస్తారు, ఏం వండుతారు, ఎవరు ఎవరిని తిడతారు, ఇవే కబుర్లు. నేపాల్ అబ్బాయి వాళ్ళ నాన్న పళ్ళు తోముకుంటూ రేడియోతో పోట్లాడతాడని చెబితే, మా మార్టూరు వైపు పిల్ల ఒకతి "మా నాన్న టీవీతోనండీ" అని లేచింది. హాలంతా నవ్వింది. అలాంటి నవ్వు వినిపించినప్పుడు మేడం గారు ముందు వరసలో కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు.

వేషాలు ఎందుకు తీసేశారో ఆవిడే ప్రతి ఏడాదీ మైకులో చెప్పేవారు. నేను విన్నది విన్నట్టు రాస్తాను.

నేను చేరకముందు, పండగ పెట్టిన మొదటి ఏడు, మా వాళ్ళు అలవాటు కొద్దీ విచిత్ర వేషధారణ పెట్టారు. ఒక్కో దేశానికి ఒక్కో వేషం. ఆఫ్రికా వేషం వేసిన డిగ్రీ అమ్మాయికి నూనెలో కలిపిన మసి మొహానికీ చేతులకీ పూశారు. నడుముకి మామిడాకులు, మెడలో గవ్వలు, చేతిలో కర్ర. ఆ అమ్మాయి కేకలు పెడుతూ గెంతితే జనం ఈలలు వేశారు. ఫస్ట్ ప్రైజు ఆమెకే వచ్చింది. కాలేజీకి అప్పుడే టాంజానియా నుంచి నీమా అనే అమ్మాయి వచ్చి ఉంది. ఆమెకి శాలువా కప్పి, ముందు వరసలో సోఫాలో కూర్చోబెట్టారు. అది మా మర్యాద. ఆ మర్యాదతోనే బహుమతి ఇవ్వడానికి కూడా ఆమెనే స్టేజీ మీదికి పిలిచారు. నీమా వచ్చింది, ఇచ్చింది, చెయ్యి కలిపింది. అరచేతికి మసి అంటింది. దాన్ని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక, సభ అయ్యేదాకా ఆ చెయ్యి ఒళ్ళో తెరిచి పెట్టుకుని కూర్చుంది.

"నేను ఆ చెయ్యి చూశాను. చూసి కూడా పాటల కార్యక్రమం మొదలుపెట్టమన్నాను" అనేవారు మేడం గారు మైకులో.

మర్నాడు ఆవిడ గుత్తి వంకాయ కూర, ముద్దపప్పు వండి క్యారియర్లో పెట్టుకుని హాస్టల్‌కి వెళ్ళారు. మా వాళ్ళకి తప్పు చేస్తే నోటితో చెప్పడం రాదు. కూర పంపుతాం. ఎదుటివాళ్ళు గిన్నె తీసుకుంటే సరిపోయినట్టే లెక్క. నీమా గిన్నె తీసుకుంది. తీసుకుని, "మా అమ్మ పత్తి ఏరుతుంది మేడం. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు మీ అందరికంటే ఎక్కువ బట్టలే కట్టుకుంటుంది" అంది. మేడం గారు పిల్లలు తెలియక చేశారని నచ్చజెప్పబోయారు. నీమా వింది. "నిన్నటిది హాల్లో జరిగింది. మీరు నా గదిలో చెబుతున్నారు" అంది.

"నాకు ముందు కోపమొచ్చింది. ఇంత వండి తెస్తే ఇదా మాట అనిపించింది. సిగ్గు మెట్లు దిగుతుంటే వచ్చింది" అనేవారావిడ.

సోమవారం ప్రార్థన సమయంలో ఆవిడ మైకు తీసుకుని, జరిగింది తప్పనీ, తప్పు తనదనీ, నీమాకీ వాళ్ళ అమ్మకీ క్షమాపణ చెబుతున్నాననీ అందరి ముందూ అన్నారు. కాలేజీ పరువు బజారున పడేశావని అప్పటి కరస్పాండెంట్ ఆవిడతో చాలాకాలం మాట్లాడలేదు. నీమా డిప్లొమా పూర్తిచేసి వెళ్ళింది. ఆ మరుసటి ఏడాది నుంచి పండగలో వేషాలు పోయాయి, ఈ కథ వచ్చింది.

నేను చేరిన కొత్తల్లో ఈ కథ వింటుంటే హాల్లో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. రానురాను అది అందరికీ తెలిసిన కథ అయిపోయింది. క్షమాపణ దగ్గరికి రాగానే చప్పట్లు మొదలయ్యేవి. బయటి నుంచి వచ్చిన అతిథులు లేచి నిలబడి కొట్టేవారు. కాలేజీ పుస్తకంలో రంగు పేజీలో వేశారు. ఒకసారి స్టేజీ దిగుతూ మేడం గారు నా భుజం పట్టుకుని, "తప్పు చేశానని చెబితే చప్పట్లేంటయ్యా? నాకేదో బిరుదిచ్చినట్టు" అన్నారు. కిందికి దిగాక కూడా భుజం వదల్లేదు. మెట్ల భయమేమో అనుకున్నాను.

పోయిన చలికాలంలో ఆవిడకి గుండె జబ్బు ముదిరింది. గుంటూరులో తమ్ముడి ఇంట్లో మేడమీద గదిలో ఉండేవారు. ఆదివారాలు వెళ్ళి కూర్చునేవాణ్ణి. ఈసారి పండగలో ఆ కథ చెప్పడానికి రాలేనేమో, నువ్వే చెప్పు అంటారనుకున్నాను. ఆవిడ వేరే మాట అన్నారు.

"అది సగం కథేనయ్యా. సగమే చెబుతూ వచ్చాను ఇన్నాళ్ళూ."

నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"మసి పూయించుకున్న పిల్ల ఎవరని ఎప్పుడైనా అడిగావా నువ్వు?"

అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆ కథలో నీమా ఉంది, మేడం గారున్నారు. ఆ పిల్ల ఒక వేషం, అంతే.

"ఆఫ్రికా వేషం ఎవరేస్తారంటే క్లాసులో ఒక్కళ్ళు చెయ్యెత్తలేదు. వెనక బెంచీలో ఆ పిల్ల కనబడింది. పర్చూరు అవతల నుంచి వచ్చేది. నల్లగా ఉంటుంది. 'నువ్వు రావే, నీకైతే మసి ఎక్కువ పట్టదు' అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్లా నవ్వింది. నవ్విందిలే, దానికీ సరదాగానే ఉంది అనుకున్నా." దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కున్నారు. "ఆ తర్వాత డిగ్రీ అయ్యేదాకా ఆ పిల్లని ఏమని పిలిచేవాళ్ళో తెలుసా?"

చెప్పారు. ఆ మాట నేనిక్కడ రాయను.

"నీమాకి మైకులో చెప్పుకున్నాను గదా, ఆ రోజు ఈ పిల్ల అదే హాల్లో వెనకాల కూర్చుని ఉంది. వాళ్ళ దేశాన్ని అవమానించాం, వాళ్ళ రంగుని ఎగతాళి చేశాం అని నేను కన్నీళ్ళు పెట్టుకుని చెబుతుంటే ఇది కూర్చుని వింది. బయటి దేశం పిల్లకి చెప్పాలని తోచింది నాకు. మన పిల్లకి చెప్పాలని తోచలా. కనీసం గిన్నెడు కూర కూడా పంపలేదయ్యా."

ఆమె ఎక్కడుందో కనుక్కుని ఇక్కడికి తీసుకొస్తానన్నాను. మేడం గారికి కోపం వచ్చింది. ఆ కోపం నాకు బాగా తెలిసిందే. "తను రావడమేంటి? ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఎక్కడుందో నాకు తెలుసు. కార్లో కూర్చోగలిగితే చాలు, నన్ను తీసుకెళ్ళు" అన్నారు.

మిర్చి కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఆవిడ కాస్త తేరుకున్నారు. డాక్టరు గంటల తరబడి ప్రయాణం కాకపోతే పర్వాలేదన్నాడు. ఒక పొద్దున ఇస్త్రీ చేసిన మంగళగిరి చీర కట్టుకుని, ఒళ్ళో క్యారియర్ పెట్టుకుని కార్లో కూర్చున్నారు. లేవలేని మనిషి పొయ్యి దగ్గర స్టూలు వేయించుకుని కూర తనే చేశారని వాళ్ళ కోడలు చెప్పింది. దారిపొడుగునా ఆవిడ ఏం అనాలో నాతో అని చూసుకున్నారు. ఒకసారి 'అమ్మా' అని మొదలుపెట్టారు, ఒకసారి 'ఏవండీ' అని. "ఏమని పిలవాలయ్యా దాన్ని? దాన్ని అంటున్నాను చూడు మళ్ళీ" అని తనని తనే విసుక్కున్నారు.

రోడ్డు పక్కనే కల్లం. నేలంతా మిర్చి ఆరబోసి ఉంది. ఆడవాళ్ళు తలకీ మూతికీ గుడ్డలు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. ఎండలో రంగు పోయిన కాయల్ని మావైపు తాలు అంటారు. చింతచెట్టు నీడలో కారు ఆపాను. మేడం గారు అద్దంలోంచి చూస్తూ, "అదుగో, ఆ చివర నిలబడిందే, ఆమే" అన్నారు. నేను దిగి వెనక తలుపు తీశాను. ఘాటు గుప్పున లోపలికి వచ్చింది. ఇద్దరం దగ్గాం. ఆవిడ క్యారియర్ పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఒక కాలు బయట పెట్టారు. మళ్ళీ లోపలికి తీసుకున్నారు.

"పనిలో ఉన్నారయ్యా. నలుగురి మధ్యా బాగోదు. ఇంకో రోజు వద్దాం."

"నలుగురి మధ్యే కదండీ చెప్పాలి" అన్నాను. ఆవిడ దగ్గర నేర్చుకున్న మాటే.

"తలుపెయ్యి" అన్నారు.

వేశాను. ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది, తలుపు వేస్తుంటే నాకూ హాయిగానే అనిపించింది. ఎండ, ఘాటు, ఇక్కడేం గొడవవుతుందోనన్న బెరుకు. కారు తిప్పేశాను. ఇంటి దగ్గర దిగుతూ, "చూశావా, నేను ఎంత పిరికిదాన్నో. మైకు ఉంటే చెప్పగలను. మనిషికి చెప్పలేను" అన్నారు. ఆ క్యారియర్ ఎవరూ విప్పలేదట. ఇంకో రోజు రాలేదు.

మేడం గారి దినం కాకముందే పండగ వచ్చింది. వాయిదా వేద్దామంటే కరస్పాండెంట్ గారు ఒప్పుకోలేదు. "అతిథులు టికెట్లు తీసుకున్నారు. సంతాపమూ పండగా కలిపి చేద్దాం. ఆవిడ కథ నువ్వు చెప్పు, అందరికీ నచ్చుతుంది" అన్నారు. నేను చెప్పలేనన్నాను. దుఃఖం కొద్దీ అనుకుని ఆయనే చెప్పారు. బాగా చెప్పారు కూడా. మసి దగ్గర గొంతు తగ్గించారు, క్షమాపణ దగ్గర పెంచారు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. స్టేజీ మీద మేడం గారి ఫొటో, దాని మీద దండ. తప్పు చేసినందుకు దండ వేసినట్టుగా ఉంది నాకు. తల ఎత్తలేకపోయాను. ఎదురుగా మసి పూయించుకున్న ఆమె కూర్చుని ఉంటే మా మొహాలు ఎక్కడ పెట్టుకునేవాళ్ళం?

మర్నాడు పొద్దున్నే పర్చూరు అవతలికి వెళ్ళాను.

కల్లంలో ఇంకా పని నడుస్తోంది. ఆమే ఎదురొచ్చి, "ఎవరు కావాలండీ?" అంది. కాలేజీ పేరు చెప్పాను. గుడ్డ మూతి మీంచి కిందికి లాగి, మనిషిని పంపి మజ్జిగ తెప్పించింది. ఇద్దరం బస్తాల మీద కూర్చున్నాం. మేడం గారు పోయారని చెబితే, "తెలుసండీ, మా ఊరి పిల్లలు చెప్పారు" అంది. అప్పుడు మేడం గారు నాతో అన్నదంతా, 'ఎక్కువ పట్టదు' అన్న మాటతో సహా, ఏమీ దాచకుండా చెప్పాను. కూర వండుకుని కార్లో ఇక్కడిదాకా వచ్చి వెనక్కి తిరిగిన సంగతి కూడా చెప్పాను. వింటున్నంతసేపూ ఆమె దగ్గర్లో ఉన్న కాయలు ఏరుతూనే ఉంది. తాలు ఒక వైపు, ఎరుపు ఒక వైపు.

"మేడం గారికి ఆ మాట గుర్తుందా అండీ?" అంది చివరికి.

"అదే తలుచుకుని బాధపడ్డారమ్మా."

"నేను మరిచిపోయారనుకున్నా. నీమాకి మైకులో చెప్పినప్పుడు, నా మాట కూడా వస్తుందేమోనని చూశానండీ. రాలా. ఆవిడకి గుర్తులేదులే, లేకపోతే చెప్పేవారే అనుకున్నా. మంచావిడ కదా."

ఆవిడ తరఫున క్షమాపణ చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "మీరు చెబితే అది మీరు చెప్పినట్టేనండీ. మేడం గారు చెప్పినట్టు కాదు కదా" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

వచ్చే ఏడు పండగలో ఈ సగం కూడా చెప్పమంటారా అని అడిగాను.

"ఎవరికి చెబుతారండీ? ఆ రోజు నవ్వినవాళ్ళు ఒక్కళ్ళన్నా ఉంటారా అక్కడ?" అని, మళ్ళీ తనే, "చెప్పుకోండి. రాసుకుంటే రాసుకోండి. నా పేరు మాత్రం రాయమాకండి. మా అమ్మాయికి తెలియదు ఇదంతా" అంది.

అందుకే పేరు లేకుండా రాస్తున్నాను. మేడం గారి దగ్గర చదువుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారు. ఆ రోజు ఆ క్లాసులో నవ్వినవాళ్ళూ ఎక్కడో ఉండే ఉంటారు. వాళ్ళు చదవాలి. ఆవిడ గొప్ప మనిషి కాదని చెప్పడానికి ఇది రాయడం లేదు. నాకు మనుషుల పేర్లు పలకడం నేర్పింది ఆవిడే. కానీ ఆవిడ సిగ్గుపడ్డ సంగతిని దాచి మిగతాది పొగిడితే, ఆవిడ చివరి రోజులన్నీ అబద్ధమైపోతాయి.

లేచి వస్తుంటే ఆమె రోడ్డు దాకా సాగనంపింది. చింతచెట్టు దగ్గర ఆగి, "ఆ రోజు మీ కారు ఇక్కడే కదండీ ఆగింది" అంది.

"చూశారా?"

"చూశానండీ. అద్దంలోంచి మేడం గారిని గుర్తుపట్టా. నాకోసమే వచ్చారనిపించింది. ఒళ్ళంతా కారం, మొహం నిండా దుమ్ము. ఆవిడకి ఆ మొహంతో కనబడటం ఇష్టంలేక పరిగెత్తుకెళ్ళి బోరు దగ్గర సబ్బేసి కడుక్కున్నా. తుడుచుకుని వచ్చేసరికి కారు లేదండీ."